సగటుకు అందని వాన – మోక్షగుండం మూసీ లెక్క

పాతబస్తీలో మీరాలం మండీకి కూరగాయలు తెచ్చిన రైతు, సరుకు అమ్ముడయ్యాక అఫ్జల్‌గంజ్ వైపు వెళ్లాలంటే నయాపూల్ దాటాలి. వంతెన మీద ఒక్క నిమిషం ఆగి కిందికి చూస్తే మూసీ కనిపిస్తుంది. ఏడాదిలో ఎక్కువ రోజులు దాన్ని నది అనడానికే నోరు రాదు. నల్లటి నీళ్లు, ముక్కు మూసుకోవలసిన వాసన, చూస్తే మోకాలు తడవకుండా దాటొచ్చుననిపించే పాయ. ఈ పాయే 1908 సెప్టెంబరు 28న పొంగి పది పదిహేను వేల మందిని పొట్టన పెట్టుకుందంటే కొత్తగా వచ్చినవాళ్లు నమ్మరు.

నమ్మకపోవడంలో వాళ్ల తప్పేమీ లేదు. మనిషి రోజూ చూసేదాన్నే లెక్కలోకి తీసుకుంటాడు. మూడొందల అరవై రోజులు పాయలా పారిన నది మూడొందల అరవై ఒకటో రోజున కూడా పాయే అనుకుంటాడు. సర్కారు కాగితాల్లో దీనికే సగటు అని పేరు. పల్లెల్లో సరాసరి అంటారు. ఈ సరాసరి లెక్క ఎక్కడ పనికొస్తుంది, ఎక్కడ కొంప ముంచుతుంది అన్న సంగతి ఒక ఇంజనీరు జీవితం ద్వారా చెప్పుకుందామని ఈ వారం మేము అనుకున్నాం. ఆయన పేరు మోక్షగుండం విశ్వేశ్వరయ్య.

ఆయన గురించి రాసినవాళ్లు చాలామందే ఉన్నారు. మైసూరు దివాను, కృష్ణరాజసాగర్, భారతరత్న అన్నవి అందరికీ తెలిసినవే. రెండు కొవ్వొత్తుల కథ బడిపిల్లలకు కూడా వచ్చు. దాన్ని పక్కన పెడదాం. మాకు కావలసింది ఆయన 1909లో హైదరాబాదులో గడిపిన కొద్ది నెలలు.

ఇంటిపేరులోని మోక్షగుండం మన గిద్దలూరు దగ్గరి ఊరు. పూర్వీకులు అక్కణ్నుంచి మైసూరు రాజ్యానికి వలసపోయిన తెలుగువాళ్లు. ఆయన 1861 సెప్టెంబరు 15న చిక్కబళ్లాపురం దగ్గర ముద్దెనహళ్లిలో పుట్టాడు. తండ్రి శ్రీనివాసశాస్త్రి సంస్కృత పండితుడు, కొడుకు చిన్నతనంలోనే పోయాడు. ఇంట్లో డబ్బులేదు. బెంగుళూరులో పిల్లలకు పాఠాలు చెప్పుకుంటూ సెంట్రల్ కాలేజీలో చదివి 1881లో బి.ఏ. అయ్యాడు. మైసూరు ప్రభుత్వం ఇచ్చిన స్కాలర్‌షిప్పుతో పూనా సైన్స్ కాలేజీలో ఇంజనీరింగు చదివి, 1884లో బొంబాయి రాష్ట్రం పబ్లిక్ వర్క్స్ శాఖలో అసిస్టెంట్ ఇంజనీరుగా చేరాడు. అక్కడ దాదాపు పాతికేళ్ల కొలువు.

ఆ పాతికేళ్లలో రెండు పనులు రైతులు గుర్తుంచుకోదగినవి. ఒకటి పూనా దగ్గర ఖడక్‌వాస్లా. అక్కడి జలాశయం అలుగు మీదుగా ఏటా వరదనీరు వృథాగా పోయేది. కట్ట ఎత్తు పెంచితే ఖర్చు, పైగా ప్రమాదం. ఆయన అలుగు మీద తమంతట తాము తెరుచుకుని మూసుకునే తలుపులు బిగించాడు. నీరు ఒక హద్దు దాటి పెరిగితే తలుపులు లేస్తాయి, తగ్గితే వాలిపోతాయి. 1903 నాటి మాట ఇది. మామూలు రోజులకు నీటినిలవ, మామూలుకాని రోజుకు దారి. ఈ రెండింటినీ ఒకే అలుగు మీద కూర్చడం దాని గొప్పతనం. తర్వాత హైదరాబాదులో ఎదురైన చిక్కు కూడా సరిగ్గా ఇలాంటిదే.

రెండోది నీరా కాలువ కింద ఆయన ప్రతిపాదించిన బ్లాకు పద్ధతి. కాలువ మొదట్లో ఉన్న చెరకు రైతులు కొద్దిమంది నీరంతా పట్టేసుకుంటూ ఉంటే, చివరి ఊళ్లకు చుక్క అందేది కాదు. మొత్తం నీటిని మొత్తం ఎకరాలతో భాగిస్తే అందరికీ సరిపోయినట్టే కాగితం మీద తేలుతుంది. పొలంలో మాత్రం తేలదు. నీటిని ఎక్కువ ఊళ్లకు పంచి, ప్రతి ఊళ్లో కొంత భూమికి చెరకు, కొంతకు తక్కువ నీటి పంటలు, మూడేళ్లకొకసారి మార్పిడి అని ఆయన ఏర్పాటు చేశాడు. మొదట్లో గగ్గోలు పుట్టింది. కాలువ చివరి భూములున్న మన రైతులకు ఇందులో విడమరచి చెప్పవలసిందేమీ లేదు.

1908లో ఆయన బొంబాయి కొలువు వదిలేశాడు. తెల్లదొరలకే దక్కే పై మెట్టు తనకు దక్కదని తెలిసిపోయింది. విదేశాలు తిరుగుతూ ఉండగా నిజాం ప్రభుత్వం నుంచి పిలుపు వచ్చింది.

పిలుపుకు కారణం ఏమిటో కాస్త నిదానంగా చెప్పుకోవాలి.

మూసీ అనంతగిరి కొండల్లో పుడుతుంది. ఈసీ అనే మరో ఏరు దానికి తోడై హైదరాబాదు చేరుతుంది. నగరానికి ఎగువన ఈ రెండింటి పరీవాహక ప్రాంతం 862 చదరపు మైళ్లు. అందులో ఆనాడు 788 చెరువులుండేవి. అంటే దాదాపు చదరపు మైలుకు ఒక చెరువు. కాకతీయుల కాలం నుంచి తెలంగాణ పల్లె బతికింది ఈ గొలుసు చెరువుల మీదే. పై చెరువు నిండి అలుగు పారితే ఆ నీరు కింది చెరువుకు, అది నిండితే దాని కింది చెరువుకు. ప్రతి చెరువుకూ కట్ట ఎంత ఎత్తుండాలి, అలుగు ఎంత వెడల్పుండాలి అన్నది ఆ ఊరి పెద్దలు తమ ఎరికలో చూసిన వానలను బట్టి నిర్ణయించినదే. అదీ ఒక రకం సగటే, రిజిస్టరు లేని సగటు. వందల ఏళ్లు అది పనిచేసింది కూడా.

1908 సెప్టెంబరు చివర్లో వాన పట్టింది. శంషాబాదులో 24 గంటల్లో 12.8 అంగుళాలు, 48 గంటల్లో 18.9 అంగుళాలు కురిసింది. ఇప్పటి కొలతలో ఒక రోజుకు 32 సెంటీమీటర్లు, రెండు రోజులకు 48. హైదరాబాదు ప్రాంతంలో ఏడాది మొత్తానికి కురిసేది సుమారు 80 సెంటీమీటర్లు. దాన్ని 365తో భాగిస్తే రోజుకు రెండు మిల్లీమీటర్ల పైచిలుకు వస్తుంది, దుమ్ము అణగడానికి సరిపోయేంత. అలాంటి చోట ఏడాది వానలో సగానికి మించి రెండు రోజుల్లో దిగిపోయింది.

ఒక కాగితం తీసుకుని అడుగున వరసగా సంవత్సరాలు వేసి, ఒక్కో సంవత్సరంలో ఒక్క రోజున కురిసిన పెద్దవానకు తగినంత ఎత్తు గీత పైకి గీస్తే దాన్నే గ్రాఫు అంటారు. మామూలు ఏళ్లన్నీ జొన్నచేనులా కొంచెం ఎత్తూ కొంచెం పొట్టీగా ఒక వరసలో నిలబడతాయి. 1908 గీత మాత్రం ఆ చేనులో తాటిచెట్టు. ఇలాంటి అంకెను మేము మంద తప్పిన అంకె అంటున్నాం. పండితులు ఇంకేమైనా అంటే అననీయండి.

తాటిచెట్టు అంకె కనిపించినప్పుడు గుమాస్తా బుద్ధి రెండు పనులు చెయ్యమంటుంది. ఒకటి, ఇదేదో రాతలో తప్పు అయ్యుంటుందని కొట్టేయడం. రెండు, దాన్ని మిగతావాటితో కలిపి భాగించి సగటులో ముంచెయ్యడం. రెండిట్లో ఏది చేసినా తాటిచెట్టు మాయమవుతుంది. నది మాత్రం అది చూసి ఆగదు.

ఆ రాత్రి పైనున్న చెరువులు తెగడం మొదలైంది. ఒకటి తెగితే దాని నీరంతా ఒక్కసారిగా కింది చెరువు మీద పడుతుంది. ఆ దెబ్బకు అదీ తెగుతుంది. 788లో 221 చెరువులు తెగాయి. వందకు 28 అని సగటు లెక్క చెప్పుకుంటే, 72 నిలిచాయి గదా అని ధైర్యం కూడా వస్తుంది. కానీ గొలుసులో ఒక లంకె తెగితే మిగతా లంకెలు వేరే లెక్కలో ఉండవు.

28వ తేదీ తెల్లవారేసరికి నగరంలో మూసీ ఒడ్డులు లేవు. అఫ్జల్ వంతెన, ముసల్లంజంగ్ వంతెన, చాదర్‌ఘాట్ వంతెన వరదపాలయ్యాయి. 1578లో కుతుబ్‌షాహీలు కట్టిన పురానాపూల్ దెబ్బతిని కూడా నిలబడింది. కోల్సావాడి, ఘాన్సీబజార్, అఫ్జల్‌గంజ్ నీళ్లలో మునిగాయి. ఇళ్లు కూలినవి 19 వేలు, నిలువ నీడ లేకుండా పోయినవారు 80 వేలమంది. అఫ్జల్‌గంజ్ ఆసుపత్రి ఆవరణలోని చింతచెట్టెక్కి దాదాపు 150 మంది బతికారు. ఒడ్డునే మట్టిగోడల ఇళ్లు కట్టుకుని ఉండే కూలివాళ్లు, చేతిపనుల వాళ్లే ఎక్కువగా పోయారు. నగరం చరిత్ర రాసినవాళ్లు ఇంతవరకు చెబుతారు. తెగిన 221 చెరువుల కింద ఎన్ని ఊళ్ల వరి పోయింది, ఇసుక మేట వేసిన మళ్లను మళ్లీ సాగులోకి తెచ్చుకోవడానికి ఎన్ని కుటుంబాలు అప్పులపాలయ్యాయి అన్నది ఆ పుస్తకాల్లో కనపడదు.

విశ్వేశ్వరయ్య 1909 ఏప్రిల్లో వచ్చాడు. అక్టోబరులో నివేదిక ఇచ్చాడు. ఆరునెలల పని. ఆయన ముందున్న మొదటి ప్రశ్న చాలా సాదాది. వరద ఎంత? నది పొంగిన వేళ కొలబద్ద పట్టుకుని నిలబడ్డవాడెవరూ లేడు. ఇలాంటి చోట ఇంజనీర్లు గోడల మీద నీరు మిగిల్చిన మరకలు చూసి, ఆ ఎత్తులో నది వెడల్పెంత, లోతెంత, వాలెంత అని కొలిచి, ఎంత నీరు పోయి ఉండాలో వెనక్కి లెక్కగడతారు. తేలిన అంకె 4 లక్షల 25 వేల క్యూసెక్కులు. సెకనుకు అన్ని ఘనపుటడుగుల నీరన్నమాట. ఆ వేగంతో రోజంతా పారితే దాదాపు 37 టీఎంసీలవుతుంది. వరద ఉచ్చస్థితి రోజంతా ఉండదనుకోండి, పోలిక కోసం చెబుతున్నాం.

రెండో ప్రశ్న కష్టమైంది. ఇలాంటి వాన మళ్లీ వస్తుందా? మూసీకి వరదలు కొత్తకాదు. 1831లో వచ్చింది, 1903లో వచ్చింది. కానీ అంకెలున్న రికార్డు చాలా కురచ. స్థానిక లెక్కలు మాత్రమే చూస్తే శంషాబాదు అంకె ఒంటరిది, దాన్ని ఏం చేసుకోవాలో తెలియదు. ఆయన చేసినదేమిటంటే, హైదరాబాదు గిరి గీసుకుని కూర్చోక, ఇతర ప్రాంతాల్లో కురిసిన పెద్ద వానల లెక్కలు తెప్పించి పక్కన పెట్టి చూశాడు. అప్పుడు తేలింది, ఇంత వాన అసంభవమేమీ కాదని. ఇక్కడ కురిసినట్టు ఇంకోచోట కురిసింది, అక్కడ కురిసినట్టు ఇక్కడ మళ్లీ కురవొచ్చు. ఒక ఊరి లెక్కలో మంద తప్పినట్టు కనపడిన అంకె దేశం లెక్కలో తన మందను తాను కలుసుకుంది.

మంద తప్పిన అంకెను ఎలా చూడాలో ఇందులో ఉంది. ముందు అది నిజమేనా అని విచారించాలి. గుమాస్తా 1.28ని 12.8గా రాశాడా? పక్క ఊళ్లలో కూడా భారీగా కురిసిందా? చెరువులు తెగాయా? నిజమని తేలాక దాన్ని కొట్టెయ్యకూడదు. మనం చేసే పని దేని కోసమో చూసుకుని అప్పుడు ఆ అంకెకు చోటు ఇవ్వాలి. ఏ పంట వెయ్యాలి, తాగునీరు ఎంత దొరుకుతుంది అన్న ప్రశ్నకు మామూలు ఏళ్ల లెక్క కావాలి. కట్ట ఎంత ఎత్తుండాలి, అలుగు ఎంత వెడల్పుండాలి అన్న ప్రశ్నకు తాటిచెట్టు అంకే కావాలి. ఒక ప్రశ్నకు పనికొచ్చే అంకెతో ఇంకో ప్రశ్నకు జవాబు చెప్పబోతేనే చేటు.

నగరంలో నదికి రెండు వైపులా గోడలు పెంచితే చాలునని అనుకునేవాళ్లు ఎప్పుడూ ఉంటారు. విశ్వేశ్వరయ్య చూపు నగరం మీద కాక ఎగువ మీద పడింది. వరదను నగరం దాకా రానిచ్చి ఆపలేం, పైనే పట్టి నిలిపి మెల్లగా వదలాలని ఆయన తేల్చాడు. మూసీ మీద ఒకటి, ఈసీ మీద ఒకటి, రెండూ కలిపి సుమారు 20 టీఎంసీల వరద పట్టే జలాశయాలు ప్రతిపాదించాడు. దాంతోపాటు నది ఒడ్డులు సరిచేయడం, నగరానికి మురుగునీటి పథకం కూడా. అదే సంవత్సరం చివర్లో మైసూరు చీఫ్ ఇంజనీరుగా వెళ్లిపోయాడు. మురుగు పథకం పని మీద 1922లో మళ్లీ రావలసి వచ్చింది.

జలాశయాలు కట్టింది మాత్రం ఇక్కడి ఇంజనీర్లు, ఇక్కడి కూలీలు. గండిపేట దగ్గర ఉస్మాన్‌సాగర్ 1913లో మొదలై 1920లో పూర్తయింది, హిమాయత్‌సాగర్ 1927లో. నగరానికి ప్రాణభిక్ష పెట్టిన ఈ చెరువుల అడుగున పల్లెల భూములున్నాయి. విశ్వేశ్వరయ్య విగ్రహాలకు దండలు వేసేవాళ్లు ఆ రైతులను కూడా ఒకసారి తలుచుకుంటే బాగుంటుంది.

ఇక్కడో చిక్కు ఉంది. వరద ఆపే చెరువు ఖాళీగా ఉండాలి, అప్పుడే వచ్చిన వరద పడుతుంది. తాగునీటి చెరువు నిండుగా ఉండాలి. ఈ జంట జలాశయాలు రెండు కొలువులూ చేశాయి. ఉస్మాన్‌సాగర్ నిలవ 3.9 టీఎంసీలు, హిమాయత్‌సాగర్‌ది 2.97. ఏళ్ల తరబడి మామూలు వానలే కురిస్తే చెరువులు నింపుకుని కూర్చోవాలనిపిస్తుంది, మంద తప్పిన వాన సంగతి మరుగున పడుతుంది. 2025 సెప్టెంబరు 26 రాత్రి ఈ రెండింటి గేట్లెత్తి వదిలిన నీరు దాదాపు 35 వేల క్యూసెక్కులు. దానికే చాదర్‌ఘాట్ పక్క బస్తీలు మునిగాయి, మహాత్మాగాంధీ బస్‌స్టేషన్లోకి నీరొచ్చింది. 1908 వరదలో అది పన్నెండో వంతు. నది తగ్గలేదు. నదికి మనం మిగిల్చిన చోటు తగ్గింది.

విశ్వేశ్వరయ్య పద్ధతినే మరికొంత ముందుకు తీసుకుపోయినవాడు బెంగాలు పండితుడు ప్రశాంతచంద్ర మహలనోబిస్. 1926లో ఒరిస్సాలో బ్రాహ్మణి నదికి పెద్ద వరద వస్తే, నది అడుగు మేట వేసి పైకి లేచింది, కాబట్టి కరకట్టలు ఎత్తు పెంచాలని ఇంజనీర్లన్నారు. ఆయన అరవై ఏళ్ల లెక్కలు ముందేసుకుని చూసి నది అడుగు లేవనే లేదని తేల్చాడు. కట్టల ఎత్తు పెంచడం దండగ, ఎగువన ఆనకట్టలు కావాలన్నాడు. ఒక్క ఏడు చూసి భయపడ్డవాళ్లకు ఆయన మొత్తం వరసను చూపాడు. సగటు చూసి నిద్రపోయేవాళ్లకు విశ్వేశ్వరయ్య ఒక్క రాత్రిని చూపాడు. రెండూ అవసరమే.

ఇక మన పొలాలకు వద్దాం.

వాతావరణ శాఖ లెక్కలో ఒక జిల్లాకు పడవలసిన వాన కన్నా నూటికి 19 వంతులు ఎక్కువైనా తక్కువైనా సాధారణ వర్షపాతం కిందే రాస్తారు. జూన్ నుంచి సెప్టెంబరు దాకా మొత్తం కూడితే సాధారణమే. కానీ నెలరోజులు చుక్కలేక వరి పొట్టదశలో ఎండి, ఆ తర్వాత ఒక్క రాత్రి ఇరవై సెంటీమీటర్లు కురిసి మిగిలింది కొట్టుకుపోయినా కూడిక మాత్రం సాధారణమే. కరువు మండలం ప్రకటించమని ధర్నా చేస్తున్న రైతుకు ఆఫీసులో ఈ కూడిక చూపిస్తారు. కూడిక అబద్ధం కాదు. అడిగిన ప్రశ్నకు అది జవాబు కాదు, అంతే.

పంటల బీమాలో ఇంకో వింత ఉంది. అక్కడ అంకెలను కొట్టెయ్యడం రైతుకు మేలు చేస్తుంది. ఒక ఊళ్లో ఏడేళ్ల వరి దిగుబడి ఎకరాకు బస్తాల్లో ఇలా ఉందనుకుందాం: 24, 26, 25, 8, 27, 24, 13. అన్నీ కూడి ఏడుతో భాగిస్తే 21. కానీ 8, 13 వచ్చినవి కరువో తుపానో కొట్టిన ఏళ్లు. అవి తీసేసి మంచి అయిదేళ్లు కూడితే 25 దాటుతుంది. 2016లో వచ్చిన ఫసల్ బీమా పథకంలో ఏడేళ్లలో మేలైన అయిదేళ్ల సగటు పట్టి, అందులో నూటికి ఇంత అని హామీ దిగుబడి కడతారు. నూటికి ఎనభై అనుకుంటే హామీ 20 బస్తాలు. ఏడేళ్లూ కలిపి కడితే హామీ 17కు కూడా చేరదు. ఈ ఏడు ఊరి దిగుబడి 18 బస్తాలయిందనుకోండి, మొదటి లెక్కలో పరిహారం వస్తుంది, రెండో లెక్కలో పైసా రాదు. పంట అదే, నష్టం అదే, రైతు అదే. మారింది భాగహారం. కరువు మీద కరువు వచ్చిన ప్రాంతంలో చెడ్డ ఏళ్లు రెండుకు మించి ఉంటే ఈ రాయితీ కూడా చాలదు.

ఇంకో సంగతి. ఈ దిగుబడి మన చేను దిగుబడి కాదు, బీమా యూనిట్‌గా తీసుకున్న ఊరిదో, మండలానిదో. కొన్ని చేలలో కోత ప్రయోగాలు చేసి తీసిన సగటు. ఊరంతా బాగా పండి వాగు పక్కన మన చేను ఒక్కటే ఇసుక మేట వేస్తే మనం మంద తప్పిన అంకె. అలాంటివాడికి సగటులో చోటు ఉండదు. తెలంగాణ 2020లో ఈ పథకం నుంచి బయటికొచ్చింది. ఏ పథకం వచ్చినా రైతు సంఘాలు ముందు అడగవలసింది మూడు ముక్కలు: ఏ ఏళ్లు కలిపారు, ఏ ఏళ్లు తీశారు, ఏ చేలు కోశారు.

సగటు ఎవరికి చుట్టమో తెలుసుకోవడానికి మన చరిత్రలోనే ఉదాహరణ ఉంది. ఒక ఊళ్లో పది కుటుంబాలు. తొమ్మిదింటికి రెండేసి ఎకరాలు, దొరకు 182. మొత్తం 200. సగటున ఇంటికి 20 ఎకరాలు! అంతా సుఖంగా ఉన్నట్టే గదా? పదిమందిని భూమి కొద్దీ వరసలో నిలబెట్టి నడిమివాడిని అడిగితే రెండెకరాలంటాడు. నడిమి అంకె చెప్పిన నిజం సగటు చెప్పలేదు. ఇది కల్పించిన లెక్కే. నిజాం కాలపు తెలంగాణలో విసునూరు దేశ్‌ముఖ్ కింద 40 వేల ఎకరాలుండేవన్నది మాత్రం కల్పన కాదు. అలాంటి తాటిచెట్లను కలిపి భాగించి సగటు కమతం ఇంత అని రాస్తే, ఆ రాత దొరలకు నీడ అవుతుంది.

విశ్వేశ్వరయ్య ఇలాంటి లెక్కలు వేసిన మనిషి కాదు. ఈ మాట చెప్పకపోతే మేము మొగమాటానికి పోయినట్టవుతుంది. 1912 నుంచి 1918 దాకా మైసూరు దివానుగా ఆయన కర్మాగారాలు, బ్యాంకు, విశ్వవిద్యాలయం నిలబెట్టాడు. 1934లో దేశానికి ప్రణాళికాబద్ధ ఆర్థిక వ్యవస్థ కావాలని పుస్తకం రాశాడు. కానీ బ్రాహ్మణేతర కులాలకు ఉద్యోగాల్లో వాటా ఇవ్వాలన్న ఉద్యమం వచ్చినప్పుడు ప్రతిభ తగ్గిపోతుందని దానికి ఎదురు నిలిచి, చివరికి పదవి వదులుకున్నాడు. పేరుకు సగటు మైసూరు పౌరుడి చదువు పెరుగుతోంది, కొలువుల్లో మాత్రం ఒకటే కులం. వానలెక్కలో అంత నిశితంగా చూసిన కన్ను ఈ లెక్కలో చూడలేదు. నదిని మామూలు రోజున మాత్రమే చూడకూడదని తెలిసిన మనిషికి సమాజాన్ని కింది నుంచి చూడాలన్నది తట్టలేదు. 1955లో భారతరత్న ఇచ్చారు. 1962 ఏప్రిల్లో నూరేళ్లు నిండిన మనిషిగా పోయాడు.

ఆయన కట్టించమన్న చెరువులు మిగిలాయి. వాటి ఎగువన పది కిలోమీటర్ల మేర 84 ఊళ్లలో పెద్ద కట్టడాలు రాకూడదని 1996లో 111 నంబరు జీవో వచ్చింది. 2022లో ఆ ఆంక్షలు సడలిస్తూ 69 నంబరు జీవో వచ్చింది. ఆ 84 ఊళ్ల చిన్నరైతుల బాధ నిజమైనదే. పాతికేళ్లు నగరం కోసం తమ భూమి ధర అణిచిపెట్టుకున్నారు, బదులుగా ఏమీ దక్కలేదు. వాళ్లకు పరిహారం ఇవ్వాలని మేము అంటాం. కానీ పరీవాహక ప్రాంతం సిమెంటు అయితే వాన ఇంకడం మాని అంతా ఒకేసారి పరుగెత్తుతుంది. ఆనాడు చదరపు మైలుకు ఒకటున్న చెరువుల్లో ఎన్నిటి శిఖం మీద ప్లాట్లు పడ్డాయో ఆ ఊళ్లవాళ్లకే తెలుసు.

శిఖంలో ఇల్లు కట్టుకున్న పేదవాడికి ఏమవుతుందో 2020 అక్టోబరులో పాతబస్తీ చూసింది. 13వ తేదీ రాత్రి ఘట్‌కేసర్ దగ్గర 32 సెంటీమీటర్లు పడింది. 1908 నాటి శంషాబాదు అంకె కూడా అంతే. ఆ వాన మూసీ ఎగువన కాక నగరానికి తూర్పున పడింది గనుక నది ఆనాటిలా రాలేదు. అయినా ఫలక్‌నుమా వైపు అల్ జుబైల్ కాలనీ మెడలోతు మునిగింది. మరి నాలుగు రోజులకు బాలాపూర్ గుర్రం చెరువు గండిపడి హాఫిజ్‌బాబానగర్ ఇళ్లమీద పడింది. నూరేళ్లకొకసారి వచ్చే వాన అని అధికారులు అంటూ ఉంటారు. నూరేళ్లు ఆగి వస్తుందని దాని అర్థం కాదు. ఏ ఏడు చూసినా నూటికొక వంతు అవకాశం ఉందని అర్థం. నిరుడు వచ్చింది కాబట్టి ఈ ఏడు రాదన్న పూచీ అందులో లేదు.

అఫ్జల్‌గంజ్‌లో ఆనాటి ఆసుపత్రి పోయి దాని స్థలంలో ఉస్మానియా ఆసుపత్రి వచ్చింది. చింతచెట్టు మాత్రం ఆ ఆవరణలోనే ఉంది. ఏటా సెప్టెంబరు 28న కొందరు నగరవాసులు దాని కింద చేరి 1908లో పోయినవాళ్లను తలుచుకుంటారు. మండీకి వచ్చిన రైతు నయాపూల్ దాటి కాస్త ముందుకు నడిస్తే చాలు, చెట్టు కనిపిస్తుంది.